షెడ్డు లేని ఇంట చిన్న కారు

(మన సంఘం కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఎట్లాగైనా తప్పించుకోవాలని చూశాను. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి, బంగారపేట స్టేషనులో పార్సెలు రసీదులు వ్రాసుకునే గుమాస్తాను. సాహిత్యం మీద మాట్లాడలేను. వేదాంతం అసలే తెలియదు. "నీకు తెలిసిందే చెప్పు నాయనా. మీ లైను చివర తడికెల క్రింద కారు పెట్టుకున్నావు గదా, దాన్ని గురించి చెప్పు. మనవాళ్లలో పదిమందికి పనికివస్తుంది" అన్నారు ఆయన. అందుచేత ఈ సాయంకాలం నా విషయం అదే. కారు ఉండి, దాన్ని పెట్టుకునే షెడ్డు లేనివాడు ఏమి చేయాలి? నేను చేసిన తప్పులు ఇందులో ఎక్కువ. ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

మన బంగారు గనుల ఊళ్లు ఎట్లా లేచాయో పెద్దలకు తెలుసు. 1880లో జాన్ టైలర్ కంపెనీవారు ఇక్కడ పని పట్టిన తరువాత దొరలకు బంగళాలు, మన తాతలకు వెదురు తట్టి గుడిసెలు వచ్చాయి. 1894లో బౌరింగ్‌పేట నుంచి, అంటే నేటి బంగారపేట నుంచి, మారికుప్పం దాకా రైలు వేశారు. 1902లో శివసముద్రం నుంచి కరెంటు తెచ్చారు. తట్టి గుడిసెలు పోయి వరుస ఇళ్లు వచ్చాయి. వాటినే మనం లైన్లు అంటాము. లైనుకూ లైనుకూ నడుమ ఒక సందు. బంగళా దొరకు బండి నిలుపుకునే చోటు ఉండేది గాని, షాఫ్టుకు కాలినడకన పోయే మనిషికి అట్టి చోటెందుకు? ఆనాటికి ఆ లెక్క సరిపోయింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు తెల్లవారకముందే షాఫ్టుకు పోయేవాడు లేడు, బెంగుళూరు రైలుకు పరుగెత్తేవాళ్లు వేలమంది ఉన్నారు. అదే లైను ఇంట్లో ఉంటూ వాయిదాల మీద చిన్న కారు కొనుక్కుంటున్నాము. ఇల్లు మారలేదు, సందు మారలేదు.

ఇక మా కారు సంగతి. మా నాయన గనిలో పని చేసినవాడు. గని మూసినప్పుడు చేతికి వచ్చిన డబ్బుతో కొందరు ఇల్లు కొన్నారు, కొందరు కూతురి పెళ్లి చేశారు, కొందరు చీట్లు వేసి పోగొట్టుకున్నారు. మా నాయన అందులో కొంత తీసి రెండు పాడుపడిన కార్లు కొన్నాడు. రెండూ డాల్ఫిన్లే. ఒకదానికి ఇంజను బాగుంది, బాడీ పగిలింది. రెండోదానికి బాడీ బాగుంది, ఇంజను బిగుసుకుపోయింది. రెండింటినీ విప్పి ఒక్కటి చేస్తానన్నాడు. అప్పటికి మా ఇంటికప్పు మూడుచోట్ల కురుస్తూండేది. "ఇల్లు కారుతూంటే కారు తెచ్చినాడు మా ఆయన" అని మా అమ్మ కనబడ్డవారికల్లా చెప్పింది. ఆ మాట ఇప్పటికీ మా లైనులో ఒక సామెత లాగా చెల్లుతోంది.

డాల్ఫిన్ అంటే ఈనాటి పిల్లలకు తెలియదు. బెంగుళూరులో సిపానీవారు 1982లో దాన్ని బజారుకు తెచ్చారు. ఇంగ్లండులోని టామ్‌వర్తు అనే ఊళ్లో రిలయంట్ కంపెనీవారు చేసిన కిట్టెన్ అనే చిన్న కారుకు ఇది మన దేశపు రూపం. ఇంజను 848 సి.సి., అల్యూమినియంతో పోసింది. క్రింద ఇనుప చాసిస్, దానిమీద ఫైబర్ గ్లాసు బాడీ. పొడవు పదకొండు అడుగులు, వెడల్పు ఐదు అడుగులకు లోపే. 1983 డిసెంబరులో మారుతి వచ్చిన తరువాత దీన్ని అడిగేవారు తగ్గిపోయారు. ఇంగ్లండులో కొందరు కారును విడి భాగాలుగా కొని తమ పెరట్లోనే బిగించుకుంటారు. దాన్ని కిట్ కారు అంటారు. రిలయంట్ ఇంజను అట్టి కార్లకూ వాడేవారు. మా డాల్ఫిన్ కంపెనీలో పుట్టిందే గాని, మా వాకిట్లో పద్నాలుగు నెలలు విడి భాగాలుగా పడి ఉండి, నాయనా, ఆయనతోపాటు గని వర్కుషాపులో పని చేసిన ఇద్దరు స్నేహితులూ బిగించినది గనుక దాన్ని కిట్ కారు అన్నా తప్పు లేదు. స్పానర్లు అందించినవాణ్ణి నేను. అప్పుడు నాకు పదిహేనేళ్లు.

ఒక ముఖ్యమైన మాట ఇక్కడే చెప్పి పోతాను. ఒక కారు ఇంజను తీసి మరో కారుకు పెడితే ఆ నంబరును ఆర్.సి. పుస్తకంలో ఎక్కించుకోవాలి. మా నాయన ఓపికగా తిరిగి ఆ పని చేయించాడు. ఆ కాగితం లేకపోతే ఈ రోజు మా కారు పాత సామాను క్రిందనే లెక్క.

2004 నుంచి 2011 దాకా కారు తిరిగింది. బేతమంగళం, ముళబాగిలు, పలమనేరు, మా తాతగారి ఊరి జాతర, అన్నిటికీ అదే. పిల్లలు దాన్ని ప్లాస్టిక్ కారు అనేవారు. రాత్రులు సందులో మా గోడకు ఆనించి నిలిపేవాళ్లం. ఎదురింటి అవ్వ మొదట్లోనే అన్నది, "ఏమప్పా, దీన్ని ఈడ పెట్టినావు, రేపు నేను పోతే నన్ను ఎట్ల ఎత్తుకపోతారు?" అని. అందరం నవ్వాము. అవ్వ కూడా నవ్వింది.

2011లో నాయనకు ఆయాసం ఎక్కువైంది. గనిలో రాతి దుమ్ము పీల్చినవారి రొమ్ము సంగతి ఈ సభలో నేను వివరించనక్కరలేదు. కారు నడపడం మానేశాడు. నాకు అప్పటికి లైసెన్సు లేదు, రైల్వే పని క్రొత్త. కారు సందులో అట్లాగే నిలిచిపోయింది. కదిలే కారుకు చోటు కావలసింది రాత్రికి మాత్రమే. కదలని కారుకు ఇరవైనాలుగు గంటలూ కావాలి. ఆ తేడా నాకు 2013 వానకాలంలో తెలిసింది. ఒక రాత్రి అవ్వ పెనిమిటికి రొమ్ములో నొప్పి వచ్చింది. ఆటో పిలిచారు. ఆటో మా కారు దగ్గర ఆగిపోయింది. కారును తోయబోతే కదలదు. హ్యాండు బ్రేకు వేసి రెండేళ్లు వదిలేశాను గదా, బ్రేకు చెక్కలు డ్రమ్ములకు అతుక్కుపోయాయి. నలుగురం తాతను నులకమంచం మీద వానలో సందు చివరిదాకా మోసుకుపోయాము. దైవకృప వలన ఆయన ఎనిమిదోరోజు ఇంటికి తిరిగివచ్చాడు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. మర్నాడు అవ్వ వాకిట్లో ముగ్గు వేస్తూ మా కారు చక్రం దాకా వచ్చి, గీత అక్కడ ఆపి, డబ్బా తీసుకుని లోపలికి పోయింది. అంతే.

ఆ ఆదివారమే చక్రాలు విప్పి, డ్రమ్ములను సుత్తితో తట్టి వదులు చేసి, పదిమందిమి కారును లైను చివరకు తోశాము. అక్కడ పాత కుళాయి దిమ్మె ప్రక్కన కొంచెం ఖాళీ జాగా ఉంది. అది కాగితం మీద ఎవరిదైనా, వాడుకునేది లైనులోని పదకొండు ఇళ్లవారు. ఇంటింటికీ పోయి అడిగాను. ఇద్దరు షరతులు పెట్టారు. ఒకరికి బట్టలు ఆరేసే తీగ పోకూడదు, ఇంకొకరికి కోళ్ల గంప పోకూడదు. రెండూ ఈనాటికీ అక్కడే ఉన్నాయి. షెడ్డు లేనివాడు కారు కొనేముందు అడగవలసిన మొదటి మనిషి మెకానిక్కు కాదు, ఎదురింటివారు అని నా అభిప్రాయం. ఒక కొలత చెపుతాను. కారు నిలిపిన తరువాత, నలుగురు మనుషులు మంచం మోసుకుని ప్రక్కగా పోగలరా? పోలేకపోతే అక్కడ నిలపవద్దు. కారు బయట కొలత అంగడివాడు చెపుతాడు, సందు కొలత మనమే కొలుచుకోవాలి, అద్దాలు మడవకుండా.

ఇప్పుడు రెండో తప్పు. లైను చివర కప్పు లేదు. నేను బజారులో పెద్ద నీలం టార్పాలిను కొని, కారును నేలదాకా కప్పి, చుట్టూ త్రాళ్లతో మూటగట్టినట్టు కట్టి, అంచుల మీద ఇటుకలు పెట్టాను. చూసినవారు మెచ్చుకున్నారు. పార్సెలు ఆఫీసువాడు గదా, ప్యాకింగు బాగా చేశాడన్నారు. వాన చుక్క లోపలికి పోదని నాకూ ధీమా.

2014లో ఆర్.సి. గడువు తీరింది. పదిహేనేళ్లు దాటిన కారుకు ప్రతి ఐదేళ్లకు రిజిస్ట్రేషను తిరిగి వ్రాయించుకోవాలి, దానికి బండిని చూపించాలి. ఆ పని మీద టార్పాలిను విప్పాను. లోపలినుంచి నేలమాళిగ వాసన వచ్చింది. సీట్ల మీద తెల్ల బూజు. బాడీ రంగు అక్కడక్కడ బొబ్బలెక్కింది. క్రింద చూస్తే చాసిస్ ఇనుము పెచ్చులుగా ఊడుతోంది. ఒక్క చుక్క వాన పడని కారు ఇట్లా ఎట్లా తడిసింది?

మా అమ్మ చెప్పింది దాని సంగతి. వేడి అన్నం మీద మూత పెట్టి మరచిపోతే మూత లోపలివైపు నీళ్లు పట్టి అన్నం మీద పడవా అన్నది. అదే జరిగింది. పగలు ఎండకు నేలలోని తేమ ఆవిరి అయి టార్పాలిను క్రింద చేరుతుంది. మన ఊరు సముద్రమట్టానికి 2,800 అడుగుల ఎత్తు, రాత్రులు చలి. ఆ ఆవిరి రాత్రి నీరై కారు మీదా, కారు లోపలా పడుతుంది. పోవడానికి దారి లేదు. ప్రతి పగలూ ఆవిరి, ప్రతి రాత్రీ నీరు. వాన పడిన కారు గాలికి ఆరుతుంది. నా కారు ఏడాదిపాటు ఆరనే లేదు. ఫైబర్ గ్లాసు తుప్పు పట్టదు నిజమే. కాని దానిక్రింద ఉన్నది ఇనుము గదా. పైన చూస్తే కారు నిక్షేపంగా ఉంటుంది, క్రింద చాసిస్ తినుకుపోతూంటుంది. ఇనుప బాడీ కారైతే తుప్పు కంటికి కనబడి హెచ్చరిస్తుంది. ఫైబర్ కారులో ఆ మేలు లేదు.

ఒక పాత సామాను వ్యాపారి వచ్చి చూసి, తూకానికి ధర చెప్పాడు. ఈ కారు బరువే తక్కువ, అందులోనూ బాడీ ఇనుము కాదు. అతడు చెప్పిన ధర ఒక మంచి సైకిలుకు చాలదు. నాయన మంచం మీద కూర్చుని విన్నాడు. అమ్మమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "ఇంజను తిరుగుతుందా చూసినావా?" అని మాత్రం అడిగాడు. స్పార్కు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో చెంచాడు నూనె పోసి, ఒక రోజు ఆగి, చేత్తో తిప్పాను. తిరిగింది. వ్యాపారిని పంపించివేశాను.

దాన్ని తిరిగి నిలబెట్టడానికి రెండేళ్లు పట్టింది. చాసిస్‌కు రెండుచోట్ల ఇనుప ముక్కలు వేసి వెల్డింగు చేయించాను. 2016లో ఆలస్యపు రుసుము కట్టి కాగితం వ్రాయించుకున్నాను. ఆ తరువాత ఎట్లా ఉంచుకుంటున్నానో, అదే మీకు పనికివచ్చే భాగం.

కప్పు వేరు, గుడ్డ వేరు అని తెలుసుకోవాలి. కప్పు వానను ఆపడానికి. అది కారుకు తగలకూడదు. నాలుగు నీలగిరి కర్రలు పాతి, పైన వెదురు తడికె పరచి, దానిమీద పాత రేకులు వేశాను. కారు నెత్తికీ తడికెకూ మధ్య మూడడుగుల ఖాళీ. పడమటివైపు, వాన కొట్టే దిక్కున, నిలువు తడికె కట్టాను, అదీ నేలకు ఒక జానెడు పైన. మిగతా మూడు వైపులా గాలికి వదిలేశాను. కప్పు పధ్నాలుగు అడుగులు పొడవు, ఎనిమిది అడుగులు వెడల్పు. కర్రలు, తడికెలు, రేకులు, మేకులు కలిసి అప్పట్లో ఆరువేల నాలుగు వందలైంది. తడికె నాలుగేళ్లకు ఒకసారి మార్చాలి. మా తాత పలమనేరు వైపునుంచి వచ్చి మొదట కాపురమున్నది ఇట్టి తట్టి క్రిందనే. "మా నాయన కాపురానికి ఇచ్చిన దానికన్నా మంచి తట్టి కట్టినావురా నీ కారుకు" అన్నాడు మా నాయన. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో నాకు తెలియలేదు.

గుడ్డ దుమ్మును ఆపడానికి. పాత నూలు దుప్పట్లు నాలుగు కలిపి అమ్మ కుట్టి ఇచ్చింది. నూలు గుడ్డలోనుంచి గాలి ఆడుతుంది, తేమ పోతుంది. కప్పు లేకుండా నూలు గుడ్డ వేస్తే తడిసి అతుక్కుంటుంది, అది ఇంకా చెడ్డది. మన ఊళ్లో దుమ్ము అంటే మామూలు దుమ్ము కాదు. గనిలోనుంచి తీసి పిండిలాగా దంచిన తెల్లరాయి మూడుకోట్ల టన్నులకు పైగా సైనైడు దిబ్బలుగా ఊరిచుట్టూ పోసి ఉంది. ఆషాఢ గాలికి అది లేచి ఇంట్లో అన్నం కంచం దాకా వస్తుంది. అది పిండిలాగా మెత్తగా కనబడే గరుకు రాయి. దుమ్ము పట్టిన కారు మీద గుడ్డ కప్పితే, గాలికి గుడ్డ అల్లాడి గరుకు కాగితంతో రుద్దినట్టే అవుతుంది. పొడి గుడ్డతో తుడిచినా అంతే. ముందు నీళ్లు పోసి దుమ్ము జారవిడవాలి, పూర్తిగా ఆరనివ్వాలి, ఆ తరువాత కప్పాలి. గాలి నెలల్లో గుడ్డను కడుపు క్రిందుగా ఒక నాడాతో వదులుగా కట్టాలి.

నేల విషయం. పచ్చగడ్డి మీద కారు నిలపరాదు, మట్టి మీదా మంచిది కాదు. మన జిల్లాలో రాతికి కరువు లేదు. చప్పట బండలు పరచి, నీరు జారేటట్టు ఒక వాలు ఇచ్చాను. కారును నాలుగు స్టాండ్ల మీద ఎత్తి ఉంచాను. టైర్ల మీద బరువు పడకపోతే అవి ఒకవైపు నొక్కుకుపోవు. స్టాండును వెనక ఆక్సిలు క్రింద, ముందు చక్రాలను పట్టుకున్న ఇనుప చేతుల క్రింద, నడుమ ఒక చెక్క ముక్క పెట్టి నిలపాలి. బాడీ అంచుకు జాకీ పెట్టరాదు. నేను ఒకసారి పెట్టాను. చిటుక్కుమని ఫైబరు సాలెగూడు లాగా పగిలింది. స్టాండ్లు లేనివారు టైర్లలో గాలి మామూలుకన్నా కొంచెం ఎక్కువ పట్టి, పదిహేను రోజులకు ఒకసారి కారును ఒక అడుగు ముందుకో వెనక్కో తోస్తే చాలు.

బ్రేకు సంగతి నాకు రైల్వేలో ఉండి కూడా తెలియకపోవడం సిగ్గుచేటు. యార్డులో వ్యాగన్లను నిలిపినప్పుడు హ్యాండు బ్రేకులు బిగించి, చక్రాల క్రింద చెక్క ఆపులు పెట్టి, గొలుసులు వేస్తారు. అది చూసి చూసి కారుకు కూడా బ్రేకు బిగించడమే భద్రమనుకున్నాను. ఎక్కువకాలం ఉంచే కారుకు అట్లా కాదు. హ్యాండు బ్రేకు వదిలివేసి, చక్రాలకు ఇరువైపులా చెక్క ఆపులు పెట్టాలి. ఆ రాత్రి ఆ ఒక్క పని చేసి ఉంటే నాలుగు చేతులు తోస్తే కారు కదిలేది.

ఇంజను గురించి పెట్రోలు దగ్గర మొదలుపెడతాను. ఇప్పుడు పెట్రోలులో ఎథనాల్ కలుపుతున్నారు, 2025 నాటికి అది నూటికి ఇరవై పాళ్లయింది. ఎథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. మా కారు పుట్టిననాటి గొట్టాలు దానికోసం చేసినవి కావు. గొట్టాలన్నీ మార్పించాను. మూడునెలలకు మించి కదలదనుకుంటే ట్యాంకునూ కార్బురేటరునూ ఖాళీ చేస్తాను. తీసిన పెట్రోలు ఇంట్లో దాచవద్దు, ఎవరి బండికైనా పోయించి పంపండి.

నీళ్ల విషయం అల్యూమినియం ఇంజనుకు ప్రాణాంతకం. ఇందులో సిలిండరు గొట్టాలు ఇనుము, చుట్టూ అల్యూమినియం, నడుమ నీరు. మన బోరు నీళ్లు మరిగించే గిన్నెలకే తెల్లటి పొర కడతాయి. ఆ నీళ్లు రేడియేటరులో పోసి ఏళ్లపాటు నిలవ ఉంచితే లోపల ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కూలెంటు అని రంగు నీరు అమ్ముతారు, అదే పోయండి. నిలిపేముందు ఇంజను నూనె మార్చండి, నిలిపి తీసిన తరువాత కాదు. పాత నూనెలో చేరిన పులుపు బేరింగులను తింటుంది. బ్రేకు నూనె కూడా తేమను పీలుస్తుంది, రెండేళ్లకు ఒకసారి మార్చాలి.

ఇక మన పెద్దలందరూ ఇచ్చే ఒక సలహా ఉంది. వారానికి ఒకసారి ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపితే బండి బాగుంటుందట. నేనూ కొన్నాళ్లు చేశాను. అది మేలు చేయదు. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపితే పొగలోని నీరు సైలెన్సరులోనూ నూనెలోనూ మిగిలిపోతుంది. స్టార్టు చేస్తే పది పన్నెండు మైళ్లు తిప్పి రండి. లేదా ముట్టుకోకండి. బ్యాటరీని విప్పి ఇంట్లో పెట్టుకోండి, ముందు నెగెటివ్ తీగ విప్పి, తరువాత పాజిటివ్. నెలకు ఒకసారి చార్జి చేయిస్తే చాలు. క్రొత్త కార్లలో కంప్యూటరు పెట్టెలుంటాయి, అవి నిలిచి ఉన్నప్పుడు కూడా బ్యాటరీని కొంచెం కొంచెం త్రాగుతూనే ఉంటాయి. బెంగుళూరులో గదులు తీసుకుని నెలకు ఒకసారి ఇంటికి వచ్చే మన కుర్రవాళ్లు, బండి స్టార్టు కాలేదని నిందించేది ఈ సంగతి తెలియకనే.

జీవాల గురించి రెండు మాటలు. ఎలుకలకు తీగల మీద ఉండే తొడుగు పంచభక్ష్యాలు. సైలెన్సరు మూతికీ గాలి గొట్టానికీ సన్న ఇనుప జల్లెడ కట్టండి. జల్లెడ కట్టిన సంగతి ఒక చీటీ మీద వ్రాసి స్టీరింగుకు తగిలించండి, లేకపోతే విప్పకుండానే స్టార్టు చేస్తారు. వేపాకు, కలరా ఉండలు కొంతవరకే. అన్నిటికన్నా మంచి మందు కారులో తిండి లేకపోవడం. 2018లో ఒక అద్దం దింపి మరచిపోతే, పైన చెప్పిన కోళ్ల గంపలోని పెట్ట ఒకటి వెనక సీటులో తొమ్మిది గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చున్నది. దాన్ని లేపడానికి యజమానురాలు ఒప్పుకోలేదు. జాగా ఇచ్చిన మనిషి, ఏమనగలను? మూడువారాలు కారును ముట్టుకోలేదు. ఎనిమిది పిల్లలు దిగాయి.

ఇంకొకటి. ఫైబర్ కారు నెత్తి చదునుగా, వెచ్చగా ఉంటుంది. ఆడవారికి అది వడియాలకు, మిరపకాయలకు ఎంతో అనుకూలం. వడియాలకు అభ్యంతరం లేదు. చేటలతోపాటు పిల్లవాణ్ణి కూడా ఎక్కించి కాపలా కూర్చోబెట్టారు ఒకసారి, అప్పుడు బీట పడింది. ఫైబరు బీటను చిన్నగా ఉన్నప్పుడే గీకి, గాజు నారా రెజినూ వేసి పూడ్చవచ్చు. గీకేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మన రొమ్ములు ఇప్పటికే దుమ్ము తిన్నవి. ఫైబరు అంటుకుంటే ఆరదు గనుక దీపావళి మూడు రోజులూ రెండు బిందెల నీళ్లు దగ్గర పెట్టుకుని కాపలా ఉంటాను.

2021 నవంబరు వానలు మీకు జ్ఞాపకమే. జిల్లాలో ఎన్నో ఏళ్లుగా ఎండిన చెరువులు నిండి పొర్లాయి. మా లైనులో ఇళ్లలోకి నీరు వచ్చింది. రెండు రేకులు ఎగిరిపోయాయి. కారు బండల మీద ఎత్తులో ఉంది గనుక నీరు క్రిందనుంచి పోయింది. వాన వెలిసిన రెండో రోజుకు చాసిస్ ఆరింది. తడిసింది గాని చెడలేదు. గాలి ఆడనిస్తే తడి పెద్ద శత్రువు కాదని ఆనాడు నాకు రూఢి అయింది.

ఖర్చు సంగతి దాచను. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను తిరిగి వ్రాయించుకునే రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. 2025లో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఇంకా పెంచారు. ఆలస్యమైతే నెలనెలా అపరాధం. 2021లో వచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు నిండిన బండికి వింటేజి అనే వేరే రిజిస్ట్రేషను ఉంది. మా కారు 1984 నాటిది, ఆ గౌరవం దక్కాలంటే 2034 దాకా ఆగాలి. ఇంత ఖర్చు ఆ పాత బండికి అవసరమా అని మా ఆవిడ అడుగుతుంది. లెక్క ప్రకారం ఆమె చెప్పిందే సరి. మీకు ఇట్టి బండి కొనమని నేను సలహా ఇవ్వను. ఉన్నవారు పాడుచేసుకోకండి అని మాత్రం చెపుతాను.

ఉగాదినాడు ప్రొద్దున స్టాండ్లు తీసి, గాలి పట్టి, బ్యాటరీ బిగించి, మామిడాకులు కట్టి కారును బయటకు తెస్తాను. నాయనకు డెబ్బై దాటాయి. ప్రక్క సీటులో కూర్చుంటాడు. వెనక సీటులో అవ్వ. తాత పోయి మూడేళ్లైంది. బేతమంగళం చెరువు దాకా పోయి వస్తాము. ఇంజను బాగా వేడెక్కడానికి ఆ దూరం సరిపోతుంది. దారి పొడుగునా నాయన మాట్లాడడు, ఇంజను చప్పుడు వింటూంటాడు. పోయిన ఉగాదికి తిరిగివచ్చేటప్పుడు "మూడో సిలిండరు కొంచెం తప్పుతున్నది" అన్నాడు. ఇంటికి వచ్చి ప్లగ్గు విప్పి చూస్తే మూడోదానికి మసి పట్టి ఉంది.

నా దగ్గర ఒక జాకీ, నాలుగు స్టాండ్లు ఉన్నాయి. స్టాండ్లు కారు క్రింద ఉంటాయి గనుక ఇవ్వలేను. జాకీ కావలసినవారు ఆదివారం ప్రొద్దున ఎనిమిది గంటల తరువాత మా లైను చివరకు రండి, తడికె ఎట్లా కట్టానో కూడా చూసి పోవచ్చు. జాకీ మాత్రం వారంలోగా తిరిగి ఇవ్వాలి. పోయినసారి తీసుకున్నవారు ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పను.